డిస్కులు వాపసిచ్చుకుంట

ముజాహిద్ భాయ్,
నాలుగు డిస్కులు తీస్కపోయిన, నాలుగూ తెచ్చిన.
గీతలు వడలే, వెలుగుకు పెట్టి చూస్కో.
ఎట్లున్నయని అడిగినవు గదా,
ప్యారడైజ్ కాడ బండి పార్కింగుకే ఇరవై కట్టొచ్చిన,
ఇంక అబద్ధమెందుకు చెప్త?

మొదటిది, ఆ యుద్ధం ఆట.
నీ దుకాణం గోడ నిండా దాని పోస్టరే.
బొమ్మ బాగున్నది. వాన పడుతుంటే
తుపాకి మీద చుక్కలు లెక్కవెట్టొచ్చు.
కానీ అండ్ల లిఫ్టున్నది చూడు,
పదిహేడో అంతస్తుకు పోతది, తాడు లేదు,
ఎదురు బరువు లేదు, కింద స్ప్రింగు లేదు.
తలుపు మూసుకుంటది, దీపం వణుకుతది,
మనం నిలబడి గోడ చూసుడే.
మా బోరబండ గల్లీల పిలగాడు చెప్పిండు,
"అన్నా, అది లిఫ్టు కాదే,
వెనక తర్వాతి సీను తయారయ్యేదాంక
నిన్ను అండ్ల కూసోవెట్టుడు."
పద్దెనిమిదేండ్ల సంది లిఫ్టులు బాగుచేస్తున్న భాయ్,
కదలని లిఫ్టులెన్నో చూసిన,
కదిలినట్టు నటించేది ఇదే మొదలు.
పదికి అయిదు. ఆ అయిదు కూడా వానకే.

రెండోది ఎవుసం.
"భాభీకి నచ్చుతది" అన్నవు.
నచ్చింది. వారం దినాలు నా చేతికి రిమోటు రాలే.
టమాట నాటితే మూడు నిమిషాలల్ల కాస్తది,
కోస్తే అప్పుడే అమ్ముడువోతది, ధర పడదు.
మా సునంద వాళ్ల నాయిన
గుడిమల్కాపూర్ మార్కెట్ల ముప్పైయేండ్లు మూటలు మోసిండు.
"వీళ్లకు దళారి లేడా, తరుగు తియ్యరా" అని
పడి పడి నవ్వింది.
నవ్వి, ఇంకో రెండెకరాలు కొన్నది.
మా ఇంట్ల పుదీన డబ్బా పెట్ట జాగ లేదు.
దీనికి మార్కులు ఆమెనే అడుగు.

గుర్రం ఆటను అందరు తిట్టిన్రట.
నిజమే, మూడు రాత్రులు గడ్డిల నడుసుడే,
ఒక్క కొట్లాట లేదు.
చివర్ల దుష్మన్ గాడు చచ్చేముందు
ఉపన్యాసం మొదలువెట్టిండు;
నేన్ పోయి చాయ్ పెట్టుకోనొచ్చిన,
వాడింకా చస్తనే ఉన్నడు.
కథ రాసినోడెవడో గానీ, వానికి ఎవరు ఎదురు చెప్పలేదు.
అయినా...
పొద్దంత గుంతల, గ్రీజుల,
రెండు గోడల నడుమ మెడ పైకెత్తి చూసెటోన్ని.
పైన కనవడేది డబ్బా అడుగు.
ఆ ఆటల మెడ ఎత్తితే అడ్డమే లేదు.
గుర్రం అలసిపోతే దిగి పక్కన నడువాలె.
ఒక రాత్రి ఊకెనే నడిచిన, ఏ పనీ చెయ్యకుంట.

నాలుగోది పూర్తి చెయ్యలే.
దయ్యాలంటే భయమై కాదు.
చీకటి బిల్డింగు, మూడో అంతస్తుల ఆగిన లిఫ్టు,
లోపలికెల్లి పిల్ల ఏడుస్తది, తలుపు కొడ్తది.
తెరవొద్దు, పలకొద్దు.
పలికితే నువ్వు ఓడినట్టు. అదీ దాని రూలు.
మూడుసార్లు ఓడిన.
మూడుసార్లూ వేలు దానంతటదే పోయింది.
ఇన్నేండ్లు తలుపుకు నోరు పెట్టి
"బేటా, భయపడకు, గాలొస్తది,
తలుపు గుంజకు, అంచు కాడికి రాకు,
నీ పేరేంది చెప్పు" అనుడే నా నౌకరి.
నాలుగోసారి సునంద నా చెయ్యి పట్టుకున్నది.
ఆ ఏడుపు అట్లనే నడుస్తుంటే
నేనే కరెంటు తీసిన.
ఆట మంచిగ చేసిన్రు, అది ఒప్పుకుంట.
ఎవలకన్న వయసు పిలగాండ్లకియ్యి,
పది ఇస్తరు.

ఆగు, ఫోనొస్తుంది.
మియాపూర్. నాలుగుకు అయిదుకు నడుమ.
ముగ్గురంట, ఒకామెకు షుగరంట.

పోతున్న భాయ్. గుర్రందొక్కటి ఇటియ్యి,
ఇంకో వారం ఉంచుకుంట.
కిరాయి రాస్కో.